పీల్చే గొట్టం

అట్ల గుంజ మాదిరి నిలబడుకుంటే ఎట్లప్పా బాలసామీ. కూచో. అరుగు మీద గాదు, ఆ రాతి మీద కూచో. ఎండ తగిల్తే తగల్నీ, బాయిలు తవ్వేటోనికి ఎండేమన్నా కొత్తనా?

నువ్వెందుకొచ్చినావో నాకు తెలుసులే. మీ వదిన తోలింది. మీ అన్న లేవిని పూడ్చిపెట్టి ఇంకా నెల గాలేదు, విశ్వాసమ్మ కనపడినోళ్లనంతా ఒకటే మాట అడుగుతాండాదంట. మా ఆయన కడాకు ఎవురినన్నా పిల్చినాడా అని. మా ఇంట్లో పని చేసే సుంకమ్మను గూడా అడిగింది. సుంకమ్మకేం తెలుసు? అది ఆ పొద్దు ఇంట్లో రాగులు ఇసురుతాండె. ఆ తోటలో ఉండింది నేనొక్కదాన్నే. నన్ను అడిగేదానికి మొగం చెల్లక నిన్ను పంపిచ్చింది.

అవునా? తల ఊపితే చాల్లే.

చెప్తా. ఎందుకు చెప్పను, నేనేమన్నా దొంగతనం చేసినానా? అయితే మొదట్నుంచి చెప్తా, ఇని పో. ఊర్లో ఈ రెడ్డెమ్మ మనిషిని బాయిలోకి తోసి సంపిందని అనుకుంటాండారు. ఆ మాటలన్నీ ఇన్నావు గదా, నా మాట గూడా ఇను.

నీళ్లు కావల్నా? దోసిలి పట్టు, పోస్తా.

ఆ కరువేడు నీకు గుర్తుండాది గదా. మీకేంలే, మీరు రోడ్డు పనికో చెరువు పనికో పోతారు, గంజి పోసేకాడ నిలబడతారు. చెయ్యి చాపేది మీకు అలవాటు. నాకు అలవాటు గాదు. మా బాయి అడుగంటిపాయ. నీళ్లు తోడే కపిలి ఎద్దులు ఒకదాని ఎనక ఒకటి ఒరిగిపాయ. మా ఇంటాయన జొరం తగిలి మంచం మీదనే పాయ. గాదెలో చెయ్యి పెడితే దుమ్ము తప్ప ఏం తగల్లేదు. కడుపు ఎంతసేపు ఆగుతుంది? ఒకనాడు కొంగు మొగం మీదికి లాక్కోని, పక్కూర్లో గంజి పోస్తాండారంటే పోయి వరసలో నిలబడితి. మనూర్లో అయితే గుర్తుపడతారని పక్కూరికి పోయినా.

నా ముందర ఎవురుండ్రి తెలుసునా? మీ లేవి.

ఎనక్కి తిరిగినాడు. గుర్తుపట్టినాడు. పక్కకు జరిగి, పోమ్మా అని చేత్తోనే దావ చూపిచ్చినాడు. నేను వాని ముందరికి పోయి గంజి పోపిచ్చుకుంటి.

మంచోడే. కాదని నేనన్లేదు. కానీ ఆ పొద్దు నుంచి వాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. వాడు ఆ సంగతి ఒక్కనికి చెప్పలేదు. మీ వదినకు గూడా చెప్పలేదు, అవునా? చూడు, నీ మొగం చూస్తేనే తెలుస్తాండాది, నువ్వు ఇదే మొదలు ఇనడం. చెప్పింటే బాగుండు. ఊరు నాలుగునాళ్లు నవ్వి మర్చిపోతుంది. చెప్పకుండా కడుపులో పెట్టుకున్నోన్ని ఏం చేస్తావప్పా? దినామూ మన కండ్ల ముందర తిరుగుతాంటాడు. తల ఎత్తి చూస్తే, అది గుర్తుకొచ్చి చూస్తాండాడా అనిపిస్తుంది. తల దించుకుంటే, అందుకే దించుకున్న్యాడా అనిపిస్తుంది.

సరే. కర్నూలు రాజధాని అయినేడు వానలు పడె. బాయిలో ఊట వచ్చె. నేను జొన్నలు, కొర్రలు అంతా మాని చీనీకాయల చెట్లు పెట్టిచ్చినా. మా మరిది గంగిరెడ్డి ఉండాడే, మన ఊరి మునసబు, ఆయప్ప నవ్వినాడు. ఆడదానికి జొన్నచేను చాలదా వదినా, చీనీతోట నీకెందుకు, కౌలుకు నాకిచ్చి కూచోని తిను అన్న్యాడు. ఆయప్ప కన్ను నా చేని మీద మా ఇంటాయన బతికినప్పటి నుంచే ఉండాది. నేను ఇయ్యలేదు. ఇంగ నేను ఒకరి ముందర చెయ్యి చాపేది లేదు, ఒకరు నాకు దావ ఇడిసేది లేదు అని ఒట్టు పెట్టుకోని, కడప నుంచి ఆయిలింజను తెప్పిచ్చినా. మన ఊర్లోకి మొదట వచ్చిన ఇంజను నాదే. ఒంటిమిట్ట టేసన్లో దించి బండ్ల మీద తెచ్చిరి. నువ్వు గూడా బండి ఎనకమ్మటి పరిగెత్తినావు గదా.

దాన్ని బిగిచ్చేదానికి అంగడోళ్లు ఒక మేస్త్రీని పంపిచ్చిరి, శ్రీనివాసులు అని. చెవిలో పెన్సిలు, కాళ్లకు బూట్లు. వస్తూనే ఏమన్న్యాడు? ఇంట్లో మొగోళ్లు లేరా, మాట్లాడల్ల అన్న్యాడు. మాట్లాడు, నేనే ఇంటి మొగోన్ని అంటి. నవ్వుకున్న్యాడు.

పంపుకు రెండు మూతులుండాయి. నువ్వు చూసింటావు. పక్కనుండే మూతి పెద్దది, అది బాయిలో నీళ్లు పీల్చేది. పైనుండే మూతి చిన్నది, అది నీళ్లు కక్కేది. బండ్లో గొట్టాలు గూడా రెండు రకాలు వచ్చినాయి. మూడంగుళాలది, రెండంగుళాలది. పెద్ద గొట్టం పీల్చే మూతికి, చిన్న గొట్టం కక్కే మూతికి పెట్టల్లని వాడు పెన్సిలుతో చూపిచ్చినాడు.

నేను తిరగేసి పెట్టమంటి.

ఎందుకంటే, పీల్చే గొట్టం బాయిలో ఉంటాది, ఎవురు చూస్తారు? కక్కే గొట్టం గట్టు మీద ఉంటాది. నీళ్లు లావుగా పడల్ల, గంగిరెడ్డి కండ్లు పేలిపోవల్ల. నాకు అదే కావల్ల. ఊరంతా వచ్చింటిరి ఆ పొద్దు. వాళ్ల ముందర ఆ శ్రీనివాసులు ఏమన్న్యాడు? ఎనుముకు మేత తగ్గిచ్చి పెద్ద చెంబు పట్టుకోని కూచుంటే పాలు ఎక్కువ పడతాయా అమ్మా అన్న్యాడు. పీల్చే తట్టు ఇరుకు పెడితే పంపుకు ఊపిరాడదు, నీళ్లు పైనున్నప్పుడు ఎట్లో ఒకట్ల లాగుతాది, కిందికి పోతే లాగలేదు అన్న్యాడు.

అందరూ నవ్విరి. గంగిరెడ్డి కడుపు పట్టుకోని నవ్వె. నువ్వు గూడా నవ్వినావు బాలసామీ, నేను చూసినా. నవ్వనిది ఒక్కడే. లేవి తల దించుకోని నేల చూస్తాండె.

నవ్వింటే ఇంత కోపం వచ్చిండదు.

నేను చెప్పినట్ల బిగిస్తే బిగిచ్చు, లేకుంటే ఇంజను బండికెత్తుకోని పో అంటి. వాడు బిగిచ్చినాడు. రెండు మూతులకూ కొలత కలిపే ఇనుప కాలర్లు ఏసి, చిన్నది పెద్దదానికీ పెద్దది చిన్నదానికీ తగిలిచ్చి, మీరందరూ చూస్తాండారు, నేను చెప్పింది చెప్పినా అని బూట్లు దులుపుకోని పోయినాడు.

నీళ్లు వచ్చినాయా లేదా? వచ్చినాయి. బాయి నిండుగా ఉండె గదా. గొట్టంలో సగానికి పడె, పడితే పడనీ, పడినాయి. గంగిరెడ్డి మొగం చూడల్ల ఆ పొద్దు. చలికాలమంతా నేను ఆ గొట్టం ముందర నిలబడుకోని, పోయేటోళ్లను వచ్చేటోళ్లను పిల్చి చూపిచ్చినా.

ఇంజను తోలేదానికి లేవిని పెట్టినా. ఎందుకు పెట్టినావంటావా? ఒళ్లు మండేటోన్ని ఎందుకు దగ్గర పెట్టుకున్న్యావంటావు. దూరం పెడితే ఏమన్నా చెప్తాడేమోనని. కూలి తినేటోడు నోరు మూసుకుంటాడు గదా. అయినా వాడు చెప్పేటోడే గాదు, అది వేరే మాట.

పని మాత్రం బాగా చేసె. పొద్దన్నే వచ్చి ఇంజనును బిడ్డను తుడిచినట్ల తుడిచేవాడు. బాయి లోపల, గోడ తొలిచి రెండు అరుగులు చేసినారు గదా, పై అరుగు మీద ఇంజనూ పంపూ పెట్టింటిమి. దాని పొగగొట్టం నేల పైకి వచ్చి ఉండె. వాడు ఆడ కూచోని, ఇంజను దడదడకు తాళమేసి మీ ఏసు పాటలు పాడేవాడు. తోటలో యాడున్నా నాకు ఇనపడేది. గొంతు బాగుండె వానిది. ఇంజను ఆడుతాండాదో లేదో చూసేపని లేదు, పాట ఇనపడితే ఆడుతాండాదని లెక్క.

ఎండాకాలం వచ్చె. బాయిలో నీళ్లు దిగిపాయ. పంపు కడుపులో గులకరాళ్లు ఏసి ఆడిచ్చినట్ల మోత. గొట్టంలో మేక ఉచ్చ మాదిరి కారతాండాయి నీళ్లు. చీనీ ఆకులు ముడుచుకపాయ. ఇంగ మూడేండ్లలో కాపుకొచ్చే చెట్లప్పా, బిడ్డల మాదిరి సాకినా. మొదట్లో ఉండే చెట్ల సాళ్లు తడుస్తాండాయి, కడాసాళ్లకు నీళ్లు పోయేదే లేదు.

నాకు తెల్దా? తెలుసు. పీల్చే తట్టు పెద్ద గొట్టం పెడితే చాలు. గొట్టాలు రెండూ ఆడనే ఉండాయి, దీనిది దానికి, దానిది దీనికి. ఒక పూట పని. మనసులో అనుకుంటాండా, ఎవురూ లేనప్పుడు ఆ మేస్త్రీని రమ్మని కబురు పెడదామా అని. అంతలోకే గంగిరెడ్డి గట్టు మీదికి వచ్చినాడు. కారే నీళ్ల కింద ఏలు పెట్టి చూసినాడు.

“వదినా, కడపకు మనిషిని పంపియ్యల్నా? ఆ శ్రీనివాసులు వచ్చి ఎనుముకు మేత పెట్టి పోతాడు.”

ఆ మాట అన్న్యాక ఎట్ల మార్పిస్తానప్పా? నువ్వే చెప్పు. నీకు తెల్దులే, మీకు ఇట్లాటివి తెలీవు.

గొట్టాలు మార్చేది లేదు, ఇంజనునే కింది అరుగు మీదికి దించండి, నీళ్లకు దగ్గరవుతాది అంటి. మీ వాళ్లందరినీ పిలిపిచ్చినా. మోకులు కట్టి, గిలకలు ఏసి దించితిరి. ఒక మోకు నువ్వు పట్టినావు. మర్చిపోయినావా? పట్టినావు.

దించినంక నీళ్లు వచ్చె. నేను చెప్పింది నిజమాయ. కాకుంటే పొగగొట్టం గూడా ఇంజనుతో కిందికి పాయ. దాని కొన బాయి లోపలనే నిలిచిపాయ. లేవి వచ్చి, అమ్మా, ఇంగొక తుంట గొట్టం ఏపిస్తే పొగ పైకి పోతాది, కింద కండ్లు మండుతాండాయి అన్న్యాడు. ఆ గొట్టం యాడ దొరుకుతాది? కడపలో. ఎవురు తెచ్చి బిగిస్తారు? ఆ శ్రీనివాసులే. చూస్తాంలే పో అంటి.

దినామూ సందేళ పైకి వస్తే కండ్లు ఎర్రగా ఉండేవి. ఒకనాడు చెట్టు మొదట్లో కూచోని వాంతి చేసుకున్న్యాడు. తల పగిలిపోతాండాదమ్మా అన్న్యాడు. రాత్రి కల్లు తాగొచ్చి నా ఇంజను మీద పెడతాండావా అంటి. వాడు కల్లు ముట్టడని నాకు తెలుసు. ఊరంతా తెలుసు. అయినా కూలోళ్లందరి ముందర అంటి. వాడు నా తట్టు చూసినాడు. ఆ చూపు అదే, గంజికాడ చూసిన చూపు. మొగం కడుక్కోని పోయినాడు.

ఇంగ ఆ పొద్దు. మీ సిలువ శుక్రారం. మీరందరూ తెల్ల గుడ్డలు కట్టుకోని గుడికి పోయినారు. లేవి వచ్చి, ఈ ఒక్క పూట ఇడిసిపెట్టమ్మా, మాపటికి వచ్చి తోల్తా అన్న్యాడు. కడాసాళ్లు ఆకు రాలుస్తాండాయి. మీ దేవుడు ఏటేటా వస్తాడు, నా చెట్లు పోతే మళ్లా వస్తాయా అంటి. ఇంకేమంటాడు. ఉతికిన చొక్కా విప్పి కొమ్మకు తగిలిచ్చి, మోకు పట్టుకోని కిందికి దిగినాడు.

గాలి లేదు ఆ పొద్దు. ఆకు కదల్లేదు. కూలోళ్లు ఎవురూ లేరు, నేనే పార తీసుకోని పాదులకు నీళ్లు మళ్లిస్తాండా. శానాసేపు పాట ఇనపడె. మీరు గుళ్లో పాడే పాటనే అనుకుంటా, ఏడుపు మాదిరి ఉండె. తర్వాత నిలిచిపాయ.

ఇంజను ఆడుతాండాది. నీళ్లు వస్తాండాయి. పాట ఒక్కటే లేదు.

పోయి బాయిలోకి తొంగిచూసినా.

కూచో. లేస్తావెందుకు? అడిగేదానికి వచ్చినోనివి ఇనల్ల గదా.

బాయిలో పొగ దుప్పటి పరిచినట్ల ఉండె. వాడు గోడకు ఒరిగి కూచోనుండాడు. కాళ్లు చాపుకోని. నా నీడ పడిందో ఏమో, తల ఎత్తినాడు. చూసినాడు నన్ను. ఒక చెయ్యి మోకు తట్టు లేపినాడు, అందలేదు.

“రెడ్డెమ్మా” అన్న్యాడు.

పిల్చినాడప్పా. ఇదో, చెప్తాండా గదా, పిల్చినాడు. పెండ్లాన్ని గాదు, దేవున్ని గాదు. నన్ను పిల్చినాడు.

నేనొక్కదాన్నే వాన్ని లాగలేను. కేక పెడితే పక్క చేన్లో గంగిరెడ్డి మనుషులు ఉండారు, వస్తారు. వాళ్లకంటే ముందర గంగిరెడ్డే వస్తాడు. వచ్చి బాయిలోకి చూస్తాడు. పీల్చే గొట్టం చూస్తాడు, పొగగొట్టం చూస్తాడు, నా మొగం చూస్తాడు. ఎనక్కి తిరిగి చూసినా. నీళ్లు కడాసాలు మొదటి పాదులోకి అప్పుడే దిగుతాండాయి.

కొంచేపు ఓర్చుకో, ఈ సాలు తడవనీ అంటి.

ఇన్న్యాడు. ఇన్న్యాడనే అనుకుంటా. చెయ్యి దించినాడు.

నేను పోయి ఆ సాలు తడిపినా. ఒక్కొక్క పాదూ నింపినా. తొందరపడలేదు. ఎందుకు తొందరపడలేదో నాకే తెల్దు. నేను ఎనక్కి జరిగి వానికి దావ ఇయ్యాల్సిన పొద్దు అది ఒక్కటే వచ్చె, నేను ఇయ్యలేదు. కడాపాదు కట్ట తెంచుకోని నీళ్లు పొర్లినంక, పార ఆడ పారేసి వచ్చి పిల్చినా. పలకలేదు. అప్పుడు కేక పెట్టినా. ఊరికి ఇనపడేటట్ల పెట్టినా.

గంగిరెడ్డే వచ్చినాడు మొదట. ఆయప్ప మనుషులు మొగాలకు తడిగుడ్డలు కట్టుకోని దిగిరి. ఇంజను ఆపి వాన్ని పైకి లాగిరి. మొగం ఎర్రగా, బతికినోని మొగం మాదిరి ఉండె. నిద్రపోతాండాడని అందరూ పాదాలు రుద్దిరి. నేను చెట్టుకు తగిలిచ్చిన చొక్కా తెచ్చి కప్పినా. నువ్వు అప్పటికి గుడి నుంచి రానేలేదు.

తర్వాతది నీకు తెలుసు. మునసబు బాయిలో విషగాలి వచ్చి పాయనని రాసినాడు. మీ వాళ్లు ఏలుముద్రలు ఏసిరి. నువ్వు ఏసినావు.

నీకు తెలీనిది ఒకటి చెప్తా. రాసే ముందర గంగిరెడ్డి బాయి గట్టున కూచోని, లోపలికి శానాసేపు చూసినాడు. నవ్వలేదు ఈ తడవ. వదినా, పొగగొట్టం అట్ల ఎందుకు పెట్టిచ్చినావు అని మెల్లగా అడిగినాడు. నేను చెప్పల్నా? ఆయప్పకు తెలుసు. పోలీసోళ్లకు ఏమని రాయల్లో ఆయప్ప చేతిలో ఉండాది. తోట సంగతి ఆయప్ప ఎత్తలేదు. నేనే ఎత్తినా. ఈ ఏటి నుంచి కౌలు నువ్వే చెయ్యి గంగిరెడ్డీ, నాతో అయ్యేట్ల లేదు అంటి. సరేలే వదినా, ఇంటి మాట బయటికి పోనిస్తామా అన్న్యాడు.

మూడోనాటికి గంగిరెడ్డి కడపకు మనిషిని తోలినాడు. శ్రీనివాసులు వచ్చినాడు. గొట్టాలు మార్చి, ఇంజనును మళ్లా పై అరుగు మీద పెట్టిచ్చి, పొగగొట్టం బయటికి ఏసి, మధ్యాన్నం అన్నానికి గూడా నిలబడకుండా పోయినాడు. ఒక పూటే పట్టింది, నేను చెప్పినా గదా. ఇనపడతాండాదా ఆ మోత? అదే. చిన్న గొట్టంలో నుంచి ఎట్ల ఎగజిమ్ముతాండాయో పోయి చూడు.

ఏడుస్తాండావా? ఏడు. నన్ను కొట్టల్లని ఉంటే గూడా కొట్టు. కొట్టలేవు. మీ అన్నా అంతే. ఒక్క మాట నన్ను అనింటే, ఒక్కసారి నా మీద అరిసింటే, గంజి సంగతి ఊర్లో చెప్తానని ఒక్కసారి బెదిరిచ్చింటే, నేను భయపడి అయినా వాన్ని బయటికి తీయిచ్చిందును. మంచోడై సచ్చినాడు.

విశ్వాసమ్మకు ఏం చెప్తావో నీ ఇష్టం. పిల్చలేదు, నిద్రలోనే పాయ అని చెప్తే, ఆ అబద్ధం నువ్వు మోస్తావు. పిల్చినాడని చెప్తే, రెడ్డెమ్మ ఏం చేసింది అని అడుగుతాది. చెప్పుకో. మునసబు దగ్గరికి పోతారా, పోండి. రాసిందే ఆయప్ప గదా.

నాకు నిద్ర పట్టదనుకుంటాండావేమో. పడుతుంది. తింటాండా, పండుకుంటాండా. తోట లేదు గదా, పని గూడా లేదు.

లెయ్ ఇంగ. పోతా పోతా ఆ కాలవ మడవ మూసి పో, కట్ట తెగి బాటలోకి పారతాండాయి. ఎవురి తోటయితే ఏమప్పా, నీళ్లు నీళ్లే.